చలన వికాస విభాగం వారి ప్రత్యేక గంట

మనకి కీడు చేయాలనుకునేవాణ్ణి ఎలాగోలా ఆపవచ్చు. బతిమాలో, బెదిరించో, ఏదీ కుదరకపోతే ఇల్లు మారిపోయో బయటపడవచ్చు. మేలు చేయాలని కంకణం కట్టుకున్న ప్రభుత్వ విభాగాన్ని ఆపడం మాత్రం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. దానికి బడ్జెట్టు ఉంటుంది, జీపు ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా మంచి మనసు ఉంటుంది.

అలాంటి మంచి మనసుతోనే ఆ ఊళ్ళో వికలాంగుల చలన వికాస విభాగం వెలిసింది. కాళ్ళూ చేతులూ సహకరించనివాళ్ళు ఇళ్ళల్లో మగ్గిపోతున్నారు, వాళ్ళని బయటికి తీసుకొచ్చి, ఆడించి, ఈదించి, నలుగురిలో కలపాలి అన్నది దాని ఆశయం. ఆశయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. (వంక పెట్టడానికి ఒక ఉపసంఘాన్ని కూడా వేశారు. వాళ్ళకీ ఏమీ దొరకలేదు.) చిక్కల్లా ఒక్కటే. ఆ ఊళ్ళో టైలరమ్మ అప్పటికే బయటికొచ్చి, నలుగురిలో కలిసి, రోజూ హాయిగా ఈదుతోంది.

టైలరమ్మ కొట్టు మునిసిపల్ స్విమ్మింగ్ పూల్ వెనక వీధిలో ఉంది. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుసుకుపోయిన చొక్కాలు వదులు చేయడం, జిప్పులు మార్చడం ఆవిడ పని. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. అందుకని కుట్టేది చేతి మిషను మీద, తిరిగేది చక్రాల కుర్చీలో. మంచం మీంచి కుర్చీలోకి మారాలన్నా చేతులే, కుర్చీలోంచి బాత్రూంలోకి చేరాలన్నా చేతులే. ఆ మధ్య భుజాలు పట్టేసి దారం కూడా ఎక్కించలేని స్థితి వచ్చినప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు: "చూడమ్మా, ఈ భుజాలే నీ కాళ్ళు. ఇవి పోయాయంటే మంచం మీంచి నిన్ను ఇంకొకళ్ళు దించాలి. రోజూ ఈదు. ఒక్క రోజు కూడా మానకు."

ఆవిడ మానలేదు. తెల్లవారగానే పూల్‌కి వెళ్ళడం, కుర్చీ మీంచి గట్టు మీదికి జరగడం, గట్టు మీంచి నీళ్ళలోకి జారడం. అంతే, ఆ తర్వాత ఆవిడ్ని పట్టుకునేవాళ్ళు లేరు. పక్క వరసలో ఈదే బ్యాంకు మేనేజరమ్మకి రెండు కాళ్ళూ లక్షణంగా ఉన్నా, రోజూ టైలరమ్మ వెనకే గట్టు చేరేది. చేరగానే "ఇవాళ నాకు ఒంట్లో బాలేదు" అనేది. పూల్ కాపలాదారు ముసలాయన మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి అందరూ ఆయన్ని ఈల మావయ్య అంటారు. ఈత అయ్యాక చెయ్యందించి టైలరమ్మని పైకి లాగడం ఆయన పని. ఈ ఏర్పాటంతా ఎవరి అనుమతీ లేకుండా, ఏ పథకమూ లేకుండా ఏళ్ళ తరబడి నడిచిపోయింది. అంతటి అరాచకం ఎవరి కంటా పడకపోవడమే ఆశ్చర్యం.

ఒకనాడు పొద్దున్నే వెళ్ళేసరికి గేటు పక్కన కొత్త బోర్డు కనబడింది. "వికలాంగులకు శుభవార్త" అని పెద్ద పెద్ద అక్షరాలు. ఇకమీదట వారి కోసం పూల్‌లో ప్రత్యేక గంట కేటాయించబడును, కావున మామూలు గంటల్లో మామూలు వారితో కలిసి ఇబ్బంది పడనవసరం లేదు. నలుగురిలో కలపడం అనే ఆశయం కింద విభాగం తీసుకున్న మొట్టమొదటి చర్య ఇదే.

ఈల మావయ్య గేటుకి అడ్డంగా నిలబడి, ఆవిడ మొహంలోకి చూడలేక చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"లోపలికి పంపొద్దన్నారమ్మాయ్."

"ఎవర్ని?"

"నిన్నే. నీ మంచికేనట."

"మరి ఆ ప్రత్యేక గంట ఎప్పుడట?"

"లబ్ధిదారులు చేరాక మొదలెడతారట."

"నేనున్నానుగా, చేరతాను!"

"ఆ ముక్కేదో ఆఫీసుకెళ్ళి చెప్పుకో తల్లీ. ఈల ఊదమంటే ఊదుతాను గానీ ఇవన్నీ నాకేం తెలుసు?"

విభాగం వారి ఆఫీసు గురించి ఒక మంచి మాట చెప్పి తీరాలి. వికలాంగుల ఆఫీసుని మేడ మీద పెట్టి మెట్లెక్కి రమ్మనే మోటు పద్ధతులు అక్కడ లేవు. వాకిట్లో వెన్నలా జారిపోయే ర్యాంపు ఉంది. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. కౌంటర్లు చక్రాల కుర్చీ ఎత్తుకి సరిగ్గా సరిపోతాయి. ఎవరైనా సరే ఏ ఇబ్బందీ లేకుండా లోపలికొచ్చి, ఏ ఇబ్బందీ లేకుండా కుదరదనిపించుకుని, ఏ ఇబ్బందీ లేకుండా బయటికి పోవచ్చు.

చలనాధికారి లేచి నిలబడి మరీ ఆవిడకి నమస్కారం పెట్టాడు. మృదువైన మనిషి. ఊరికే కళ్ళు చెమర్చే స్వభావం. పథకంలో చేరాలంటే ముందు ఒంటి స్థితి చూడాలి కాబట్టి, గోడకి బిగించిన స్ప్రింగు పిడిని చేతనైనంత లాగమన్నాడు. బట్టలు కత్తిరించి కత్తిరించి, నీళ్ళు తోసి తోసి గట్టిపడిన చేతులాయె, టైలరమ్మ లాగిన లాగుడికి పిడి గోడలోంచి ఊడి ఒళ్ళో పడింది. చలనాధికారి దాన్ని నెమ్మదిగా తీసుకుని బల్ల మీద పెట్టాడు. చెడ్డ వార్త చెప్పే డాక్టర్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటారే, అలా లాక్కున్నాడు.

"అమ్మా, మనసు దిటవు చేసుకోండి. మీరు చురుగ్గా ఉన్నారు."

"మంచిదేగా సార్?"

"మీకు మంచిదే. పథకానికి కాదు. మేం కదల్లేనివాళ్ళని కదిలిస్తామమ్మా. కదిలేవాళ్ళని ఏం చెయ్యాలో మాకు ఉత్తర్వులు లేవు."

"అయితే నన్ను పాత టైములోనే ఈదనివ్వండి."

"అదెలా కుదురుతుంది? అది మామూలువాళ్ళ గంట. మీరు వికలాంగులు కదా."

"పోనీ ప్రత్యేక గంటలో?"

"అది కదల్లేనివాళ్ళ గంట. మీరు కదులుతున్నారు కదా."

"మరి నాలాంటిదానికి ఏ గంట సార్?"

చలనాధికారి నిజాయితీగా ఆలోచించాడు. (ఈ ప్రశ్నని తర్వాత పై ఆఫీసుకి పంపారు. అక్కడ ఇప్పటికీ ఆలోచిస్తున్నారు.) చివరికి ఆయన మొహం వెలిగింది.

"ఒక దారుందమ్మా. మీరు కాస్త పాడవ్వాలి."

"ఏంటి సార్?"

"ఎక్కువేం అక్కర్లేదు. మూడు నెలలు వ్యాయామం అనేది లేకుండా కూర్చున్నారంటే నిశ్చల స్థితి వచ్చేస్తుంది. అక్కణ్ణించి మేం చూసుకుంటాం. మిమ్మల్ని మళ్ళీ కదిలించే పూచీ నాది."

టైలరమ్మ ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే వదిన చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయి ఎవరిదో చొక్కా కాలర్ మాడింది. అన్నయ్య లారీ మీద పోతే వారాల తరబడి రాడు కాబట్టి ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే. వదిన నోరు వీధికంతా తెలుసు.

"వాళ్ళ మొహం మండ! నువ్వు పాడవ్వాలా? పదవే, ఇప్పుడే వెళ్ళి కడిగిపారేసి వద్దాం!"

"ఎవర్ని కడుగుతావ్ వదినా? ఆయన నాకు మంచినీళ్ళిచ్చి, మర్యాద చేసి, ర్యాంపు దాకా సాగనంపాడు. తిట్టడానికి నోరెలా వస్తుంది?"

అక్కడే ఉంది ఆ విభాగం గొప్పతనం. అయినా వాళ్ళిద్దరూ ఊరుకోలేదు. ఇలాంటి పనుల మీద జనం కాళ్ళరిగేలా తిరుగుతారు. టైలరమ్మ చక్రాలరిగేలా తిరిగింది. ఆఖరికి వికలాంగుల అభిప్రాయాలు తెలుసుకునే సభ ఒకటి పెట్టారు. వేదిక మీద అందరూ నడవగలిగినవాళ్ళే కాబట్టి, నడవలేకపోవడం ఎలా ఉంటుందో చాలా వివరంగా మాట్లాడారు. టైలరమ్మ మాట్లాడటానికి చెయ్యెత్తింది. చర్చ చివర్లో అవకాశం ఇస్తామన్నారు. చివర్లో టైము లేకపోయింది. ఆవిడ చెయ్యి అంతసేపు, అంత పైకి ఎత్తగలిగినట్టు మాత్రం రాసుకున్నారు.

దాంతో టైలరమ్మ చేతులెత్తేసి, చేతులు దించి, కూర్చుంది.

నిశ్చల స్థితిని ఎవరికి తోచినట్టు వాళ్ళు పాటిస్తామంటే కుదరదు. దానికి నియమాలున్నాయి. బట్టలు కుట్టడం, వంటింట్లో గిన్నెలు అందుకోవడం లాంటివి జీవనోపాధి చలనాలు, వాటికి అభ్యంతరం లేదు. సంతోషం కోసం కదిలితే మాత్రం ఆనంద చలనం అవుతుంది. అది నిషేధం. ఏది ఏదో తేల్చడానికి నిశ్చల తనిఖీదారు అని ఒకాయన్ని వేశారు. ఆయన వారంలో చాలా రోజులు కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని, కడుపు మీద చేతులు కట్టుకుని, రెప్ప కూడా ఆర్పకుండా కూర్చునేవాడు. నిశ్చల స్థితికి కావలసిన అర్హతలన్నీ పరిపూర్ణంగా ఉన్న మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. పైగా జీతం కూడా ఉంది.

ఆయన చెడ్డవాడేం కాదు. ఒకసారి రేడియోలో పాటకి టైలరమ్మ తల ఊపితే, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అయితే గడువు ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా ఒక సాయంత్రం వదినా ఆడపడుచులు టీ ఎవరు పెట్టాలన్న దాని మీద పోటీ పడ్డారు. కత్తిరింపుల బల్ల మీద మోచేతులానించి, అరచేతులు కలిపి, ఎవరి చెయ్యి ఎవరు వంచుతారా అని పట్టు పట్టారు. వదిన సామాన్యురాలు కాదు, గ్యాస్ సిలిండర్ భుజానేసుకుని మెట్లెక్కే మనిషి. టైలరమ్మ ఆవిడ చెయ్యిని తటాలున బల్లకి ఆనించి, తల వెనక్కి వేసి పకపకా నవ్వింది. అప్పుడే తనిఖీదారు గొడుగు మర్చిపోయానంటూ వెనక్కొచ్చాడు.

"అయ్యయ్యో, ఏంటమ్మా ఇది?"

"టీ పెట్టడం కోసం బాబూ! జీవనోపాధి!" అంది వదిన గబుక్కున.

"నవ్వారు కదమ్మా," అన్నాడాయన బాధగా. "నవ్వకపోతే ఏదోలా రాసి ఉందును."

గడువు మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలైంది.

ఈసారి టైలరమ్మ తప్పు చేయలేదు. నవ్వలేదు కూడా. నవ్వొచ్చే సందర్భాలు వాటంతటవే తగ్గిపోయాయి. పొద్దున్నే లేస్తే భుజంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. మిషను చక్రం తిప్పుతూ మధ్యలో ఆగేది. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి ముందు, చలినీళ్ళు పోసుకోబోయేవాళ్ళలా కాసేపు ఊపిరి బిగబట్టుకునేది. ఒక పొద్దున ఎంత ప్రయత్నించినా మారలేకపోయింది. వదినని పిలిచింది. జీవితంలో మొదటిసారి వదిన ఆవిడ చంకల కింద చేతులు వేసి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. 

ఆ సాయంత్రం వాతావరణం తేలిక చేద్దామని వదినే బల్ల మీద మోచెయ్యి ఆనించింది. "రా, టీ ఎవరు పెడతారో తేల్చుకుందాం." టైలరమ్మ చెయ్యి కలిపింది. వదిన ఊరికే అలా తాకిందో లేదో, చెయ్యి బల్ల మీదికి ఒరిగిపోయింది. వదిన నోరు వీధికంతా వినబడే నోరు కదా, అది ఒక్కసారిగా మూతబడింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి టీ పెడుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది.

"ఏడవకు వదినా. నాకూ ఏడుపొస్తోంది. ఏడిస్తే అది ఏ చలనం కిందికొస్తుందో అడగలేదు," అంది టైలరమ్మ.

గుమ్మంలోంచి తనిఖీదారు గొంతు సవరించుకున్నాడు. "దానికి అభ్యంతరం లేదమ్మా, ఏడవచ్చు."

మొత్తానికి గడువు పూర్తయింది. చలనాధికారి మళ్ళీ పిడి లాగమన్నాడు. (ఈసారి సిమెంటు వేసి బిగించారు. అవసరం లేకపోయింది.) టైలరమ్మ రెండు చేతులతో లాగినా స్ప్రింగు కదల్లేదు. ఆయన ఆనందానికి హద్దుల్లేవు.

"అద్భుతం! పూర్తిగా అర్హులయ్యారమ్మా!"

ప్రత్యేక గంట ఘనంగా మొదలైంది. మిట్టమధ్యాహ్నం, ఎలాగూ ఎవరూ రాని వేళ చూసి పెట్టారు. లోటన్నది లేకుండా చేశారు. గట్టు పొడుగునా మెరిసే కమ్మీలు, మీట నొక్కితే మనిషిని నీళ్ళలోకి దించే యంత్రం. ఉత్సాహ సహాయకులని కొంతమందిని పెట్టారు, చప్పట్లు కొట్టడం వాళ్ళ ఉద్యోగం. మొదటి రోజు టైలరమ్మ కమ్మీ పట్టుకుని నీళ్ళలో నిలకడగా ఉండటానికే ఆపసోపాలు పడింది. ఒకప్పుడు చేపలా తిరిగిన నీళ్ళే అవి. భుజం భగ్గుమంటుంటే పళ్ళ బిగువున చెయ్యి కాస్త ముందుకి చాపింది. చప్పట్లు మోగాయి. చలనాధికారి కళ్ళు తుడుచుకున్నాడు.

అయినా నీళ్ళు నీళ్ళే. పాపం వాటికి ఉత్తర్వులు తెలియవు. వారాలు గడిచేకొద్దీ భుజాలు వదులయ్యాయి. మంచం దిగడానికి వదినని పిలవడం మానేసింది. కమ్మీ వదిలి కొంచెం కొంచెంగా ఈదసాగింది. అప్పుడే, ఇళ్ళు కట్టే పనిలో ప్రమాదం జరిగి ఒక చెయ్యి పోగొట్టుకున్న మేస్త్రీ ఒకాయన, ఆవిడతోపాటే చేరినవాడు, ఒంటిచేత్తో ఈదుకుంటూ అవతలి గట్టు ముట్టుకున్నాడు. విభాగం వారు ఆయన్ని పొగిడి, ఫోటో తీసి, లక్ష్యం నెరవేరిందని చెప్పి, పేరు కొట్టేశారు. మర్నాటి నుంచి ఆయన గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చుని లోపలి నీళ్ళ చప్పుడు వింటున్నాడు.

ఈల మావయ్య టైలరమ్మని పైకి లాగుతూ చెవిలో గొణిగాడు. "అవతలి గట్టు ముట్టుకోకు తల్లీ. ముట్టుకున్నావో, పాసైపోతావ్."

అప్పటినుంచి టైలరమ్మ సరిగ్గా ఈదకుండా ఉండటం నేర్చుకుంది. అది అనుకున్నంత సులువు కాదు. సగం దూరం వెళ్ళాక తడబడాలి, నీళ్ళు మింగాలి, దగ్గాలి, సహాయకుల వంక దీనంగా చూడాలి. రోజూ అదే తంతు. భుజాలు బాగుండాలంటే నీళ్ళు కావాలి, నీళ్ళు కావాలంటే భుజాలు బాగాలేనట్టు ఉండాలి. వదినకి ఇది నచ్చలేదు. "ఎన్నాళ్ళే ఈ వేషాలు?" అంటే, "మంచం దిగగలిగినన్నాళ్ళు," అనేది టైలరమ్మ.

అలాగే సాగిపోయేదేమో. కానీ ఒక మధ్యాహ్నం ఆవిడ అలవాటుగా తడబడి కమ్మీ పట్టుకోగానే, ఉత్సాహ సహాయకుడొకడు వంగి, పసిపిల్లలతో మాట్లాడే గొంతుతో, "శభాష్ అమ్మా! చెయ్యి ఎంత బాగా ఊపారో! ఏదీ, ఇంకోసారి ఊపండి, బంగారు తల్లి!" అన్నాడు. ఊరికే అనలేదు, బుగ్గ కూడా తట్టాడు.

టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అరికాళ్ళు ఏళ్ళ తరబడి నేల మీద మోపని మనిషికి కూడా ఎక్కింది. కమ్మీ వదిలేసింది. ఊపిరి తీసుకుని, చెయ్యి చాచి, నీళ్ళని పట్టి వెనక్కి నెట్టింది. పాసైపోతానని తెలుసు. తెలిసే వెళ్ళింది. సగం దాటింది, ముప్పాతిక దాటింది, అవతలి గట్టుని అరచేత్తో ఫట్టుమని కొట్టి వెనక్కి తిరిగింది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. ఎన్నాళ్ళకి! ఒళ్ళంతా తనదే అనిపించింది ఆవిడకి, నీళ్ళలోనే గట్టిగా నవ్వింది. ఈల మావయ్య ఆపుదామని ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదడం మర్చిపోయాడు. సహాయకులు చప్పట్లు కొట్టడం మర్చిపోయారు, అది వాళ్ళ ఉద్యోగమైనా సరే.

గట్టెక్కేసరికి చలనాధికారి ఎదురుగా నిలబడి ఉన్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"సాధించామమ్మా! సాధించాం!"

"సరే సార్. రేపట్నుంచి రాకూడదు, అంతేగా?" అంది టైలరమ్మ తల తుడుచుకుంటూ. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఎంత మాట! మేస్త్రీగారి విషయంలో మేం పొరపాటు చేశాం. అలాంటి ఆణిముత్యాల్ని వదులుకోకూడదని విధానం మార్చాం. పాసైనవాళ్ళు ఇకమీదట స్ఫూర్తి ప్రదాతలు. మీరు రోజూ రావాలి, తప్పకుండా రావాలి."

టైలరమ్మ చటుక్కున తువ్వాలు దించింది. "రోజూనా? నీళ్ళలోకేనా సార్?"

"గట్టు మీదికమ్మా. మీరు నీళ్ళలో మునిగి ఉంటే మిమ్మల్ని చూసి ఎవరు స్ఫూర్తి పొందుతారు? అందరికీ కనబడేలా పైన కూర్చోవాలి."

"నా కుర్చీలోనే కూర్చోనా?"

"చక్రాల కుర్చీ చూస్తే కొత్తవాళ్ళు దిగాలు పడతారు. మీకు వేరే మంచి కుర్చీ వేయిస్తాం."

"కూర్చుని నేనేం చెయ్యాలి సార్?"

"మీరేమీ చెయ్యక్కర్లేదమ్మా," అన్నాడు చలనాధికారి ఎంతో ప్రేమగా. "ఊరికే కూర్చుంటే చాలు."

ఆయన్ని పట్టుకుని నీళ్ళలోకి తోసేస్తే ఎలా ఉంటుందా అని ఒక్క క్షణం ఆవిడకి చాలా బలంగా అనిపించింది. చేతులకి ఇప్పుడా సత్తువ ఉంది కూడా. అయితే ఆయనకి ఈత రాదు. మళ్ళీ దూకి బయటికి తీయాల్సింది ఆవిడే, ఆవిడకేమో నీళ్ళలోకి దిగే అనుమతి లేదు.

కుర్చీకి వంక పెట్టడానికి లేదు. వీపుకి మెత్తటి దిండు, పైన ఎండ తగలకుండా గొడుగు. చెయ్యి చాస్తే తడి తగిలేంతగా నీళ్ళకి దగ్గరగా వేయించారు. అంత దగ్గరగా ఉంటే ఏ ప్రమాదమైనా జరుగుతుందేమోనని చలన వికాస విభాగం వారు ప్రత్యేకంగా మనిషిని పంపి, పొరపాటున కూడా కదలకుండా, దాని నాలుగు కాళ్ళనీ నేలకి బోల్టులతో బిగించారు.